దిబ్బ ప్రక్కన వెలసిన ఊరు: మాంట్‌గొమరీల వంశచరిత్ర

ఊరి పుట్టుకను చెప్పే కథలకు మన దేశంలో కొదువ లేదు. ఫలానా రాజు అగ్రహారం ధారవోసినాడనీ, ఫలానా వంశమువారు అడవి కొట్టించి చెరువు త్రవ్వించినారనీ, పొలిమేర రాయి ఫలానావారి చేతిమీదుగా నిలిచినదనీ పెద్దలు చెప్పగా మనం విన్నవారమే. పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కర్నల్ కాలిన్ మెకంజీ ప్రోత్సాహంతో ఊరూరా సేకరింపబడిన కైఫీయతులలో ఇటువంటి వృత్తాంతాలు కుప్పలుగా ఉన్నవి. స్థాపకుడు ఎవరి కొడుకు, ఎచ్చటినుండి వచ్చినాడు, భూమిని ఎవరివలన పొందినాడు అన్న ప్రశ్నలే వాటికి ప్రాణం.

ఆ ప్రశ్నలనే ఈనాడు ఒక దూరదేశపు ఊరిని గూర్చి అడుగుదాము. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగాన, మిసిసిపీ రాష్ట్రంలో, బొలివర్ కౌంటీలో మౌండ్ బేయూ అనే చిన్న పట్టణం ఉన్నది. నేటికీ దాని జనాభా సుమారు పదిహేను వందలు మాత్రమే. మౌండ్ అనగా దిబ్బ. బేయూ అనగా నెమ్మదిగా పారే ఏటిపాయ. అచ్చటి ఆదివాసులు ఏనాడో నిర్మించిన మట్టిదిబ్బ ఒకటి ఆ పాయల దాపున ఉండుటచేత ఊరికి ఆ పేరు వచ్చినది. మనవైపు అయితే దిబ్బపాలెం అని ఉండేవారేమో. 1887లో ఈ ఊరిని నిలబెట్టినవాడు ఐజయా థార్న్‌టన్ మాంట్‌గొమరీ. పినతండ్రి, మేనమామ వరుసల బంధువర్గంలోని సోదరుడు బెంజమిన్ గ్రీన్ ఆయనకు తోడు నిలిచినాడు. ఇద్దరూ పుట్టుకచేత బానిసలు.

ఈ వంశకథకు మూలపురుషుడు ఐజయా తండ్రి బెంజమిన్ మాంట్‌గొమరీ. ఆయన 1819లో వర్జీనియా రాష్ట్రంలో, లౌడన్ కౌంటీలో జన్మించినాడు. యౌవనంలో అడుగు పెడుతున్న వయస్సులో ఆయనను దక్షిణాదికి అమ్మివేసినారు. నాచెజ్ పట్టణపు బానిసల బజారులో ఆయనను కొన్నవాడు జోసెఫ్ డేవిస్ అనే భూస్వామి. తరువాతి కాలంలో దక్షిణ రాష్ట్రాల కూటమికి అధ్యక్షుడైన జెఫర్సన్ డేవిస్ ఈయన తమ్ముడే. విక్స్‌బర్గ్ పట్టణానికి దిగువన, మిసిసిపీ నది పెద్ద వంపు తిరిగేచోట, డేవిస్ బెండ్ అనేచోట అన్నదమ్ముల ప్రత్తితోటలు ఉండేవి. అన్నగారి తోట పేరు హరికేన్, తమ్మునిది బ్రయర్‌ఫీల్డ్.

క్రొత్తగా వచ్చిన బెంజమిన్ కొద్దికాలానికే పారిపోయినాడు. పట్టుబడినాడు. అటువంటి నేరానికి ఆ రోజులలో కొరడాదెబ్బలు మామూలు. జోసెఫ్ డేవిస్ మాత్రం అతనిని పిలిపించి, ఎందుకు పారిపోయినావని అడిగినాడట. జోసెఫ్ తీరే కొంత వేరు. 1825లో ప్రయాణంలో ఆయనకు రాబర్ట్ ఓవెన్ అనే సంఘసంస్కర్తతో పరిచయమైనది. కూలివారిని బాగుగా చూచినచో పని బాగుగా సాగునన్న ఓవెన్ సిద్ధాంతం ఆయనకు పట్టుబడినది. తన తోటలో తప్పు చేసిన బానిసను బానిసల పంచాయతీయే విచారించే ఏర్పాటు చేసినాడు. బానిసలకు చదువు చెప్పరాదని పెక్కు దక్షిణ రాష్ట్రాలు శాసించిన కాలంలో బెంజమిన్‌కు తన గ్రంథాలయం తలుపులు తెరిచినాడు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఇంత ఉదారుడైన ఆ దొర ఆధీనంలో మూడు వందలకు పైగా మనుష్యులు ఆస్తిగా ఉండిరి. మంచి దొర దొర కాకపోడు. ఆ గ్రంథాలయం బెంజమిన్ హక్కు కాదు, ఒకరి దయ. దయను దయగా స్వీకరిస్తూనే దానిని హక్కుగా మార్చుకొనుటకు పడిన పాటే ఈ వంశచరిత్ర అని మేము భావిస్తున్నాము.

బెంజమిన్ చదువు నేర్చినాడు, భూమి కొలతలు నేర్చినాడు, యంత్రాల పని నేర్చినాడు. 1842లో తోటలోనే ఒక అంగడి పెట్టినాడు. బానిసలు తమ కోళ్లూ కూరగాయలూ తెచ్చి ఇచ్చి సరుకులు కొనుక్కొనేవారు. చుట్టుప్రక్కల తెల్లవారు కూడ వచ్చేవారు. ఆ లాభంలోనుండి ఆయన తన భార్య మేరీ చేయవలసిన చాకిరికి మారుగా దొరకు సొమ్ము చెల్లించినాడు. ఆమె పొలానికి పోక ఇంటిలో ఉండి పిల్లలను పెంచుకొనుటకు ఆ ఏర్పాటు. సొంత ఇల్లాలు సొంత ఇంటిలో ఉండుటకు భర్త వెల కట్టవలసిన కాలమది.

మెరక తేలిన నీటిలో స్టీమరు నడచుటకు అనువైన ఒక క్రొత్త ప్రొపెల్లరును బెంజమిన్ రూపొందించినాడు. దానికి పేటెంటు కోరగా దొరకలేదు. బానిస పౌరుడు కాడు గనుక అతని పేర ఇవ్వ వీలులేదన్నారు. యజమాని దానిని కనిపెట్టినవాడు కాడు గనుక ఆయన పేర కూడ వీలుపడలేదు. యంత్రం ఉన్నది, దానిని చేసిన మేధ ఉన్నది, చట్టం దృష్టిలో మాత్రం దాని కర్త లేడు.

ఈ ఇంటిలో 1847 మే 21న ఐజయా పుట్టినాడు. తొమ్మిది పదేండ్ల వయస్సులో అతనిని జోసెఫ్ డేవిస్ తన మేడకు పిలిపించుకొని, ఉత్తరాలు సర్దుటకూ కాగితాలు చూచుటకూ నియమించినాడు. పిల్లవాడు దొర పుస్తకాలు చదివినాడు, దొర ఉత్తరాలకు నకళ్లు వ్రాసినాడు. లోకవ్యవహారం ఏ విధంగా నడుస్తుందో ఆ బల్లదగ్గరనే గ్రహించినాడు.

1861లో అంతర్యుద్ధం వచ్చినది. 1862లో డేవిస్ కుటుంబం తోటలు వదలిపోయినది. 1863లో ఉత్తరాది నౌకాదళం నదిపై ఆధిపత్యం సంపాదించగా, బాలుడైన ఐజయా అడ్మిరల్ పోర్టర్ ఓడలో పరిచారకుడుగా చేరినాడు. మాంట్‌గొమరీ కుటుంబం ఒహయో నదీతీరాన ఉన్న సిన్‌సినాటి నగరానికి వెళ్లి, యుద్ధం ముగిసిన 1865లో తిరిగి డేవిస్ బెండ్‌కు వచ్చినది.

1866 నవంబరులో వృద్ధుడైన జోసెఫ్ డేవిస్ హరికేన్, బ్రయర్‌ఫీల్డ్ తోటలు రెంటినీ, సుమారు నాలుగువేల ఎకరాలను, తన పూర్వపు బానిస బెంజమిన్ మాంట్‌గొమరీకి అమ్మినాడు. వెల మూడు లక్షల డాలర్లు. చేతినుండి సొమ్ము పడలేదు. భూమియే తాకట్టు, ఏటేటా వడ్డీ. విముక్తులైన నల్లవారు పట్టణాల వెలుపల భూమిని కౌలుకు తీసుకొనుటనే మిసిసిపీ శాసనసభ 1865లో నిషేధించి ఉండుటచేత మొదట ఈ బేరాన్ని గుట్టుగా ఉంచవలసి వచ్చినది. మరుసటి ఏడు బెంజమిన్ ఆ ప్రాంతానికి న్యాయాధికారిగా నియమితుడైనాడు. ఆ రాష్ట్రంలో ప్రభుత్వపదవి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తిగా ఆయనను చరిత్రకారులు పేర్కొంటారు.

భూమి చేతికి వచ్చినది. నది మాత్రం చేతిలో లేదు. 1867 వరదలో కరకట్ట తెగి, నది వంపును కోసుకొని క్రొత్తదారి పట్టినది. డేవిస్ బెండ్ ఒక దీవిగా మారినది. కృష్ణా గోదావరీ తీరాలవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్క రాత్రిలో ఏరు దారి మార్చినచో పొలం ఎవరిది, దారి ఎక్కడిది అన్న ప్రశ్నలు వారికి తెలిసినవే. అయినను మాంట్‌గొమరీలు నిలద్రొక్కుకొన్నారు. ఐజయా లెక్కలు చూచినాడు. అన్న విలియం థార్న్‌టన్ వ్యాపారం చూచినాడు. వారి ప్రత్తి ప్రదర్శనలలో బహుమతులు అందుకొన్నది.

1870లో జోసెఫ్ డేవిస్ మరణించినాడు. 1870వ దశకంలో ప్రత్తి ధర దిగిపోయినది. వడ్డీ నిలిచిపోయినది. బెంజమిన్ 1877లో కన్నుమూసినాడు. బ్రయర్‌ఫీల్డ్ తనదేనని జెఫర్సన్ డేవిస్ వేసిన దావాలో 1878లో రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానం ఆయనకు అనుకూలంగా తీర్పు చెప్పినది. 1881 నాటికి మిగిలిన భూమి కూడ తాకట్టుక్రింద డేవిస్ కుటుంబానికి తిరిగిపోయినది. పదిహేనేండ్ల శ్రమ లెక్కల పుస్తకంలో చివరి పుటకు చేరినది.

ఆస్తి పోయిన ఇంటిలో ఏమి మిగులుతుంది? మాంట్‌గొమరీల ఇంటిలో సేద్యం చేయించే నేర్పు, పద్దు వ్రాసే చేయి, మాటకు కట్టుబడునన్న పరపతి మిగిలినవి. వాటిని చూచియే 1880వ దశకంలో ఒక రైలు కంపెనీవారు ఐజయాను వెదకుకొంటూ వచ్చినారు. లూయీవిల్, న్యూ ఆర్లియన్స్ అండ్ టెక్సస్ కంపెనీ యాజూ-మిసిసిపీ డెల్టాలో ఇనుపదారి వేసినది. దారికి ఇరువైపులా కారడవి, చిత్తడి, చలిజ్వరం. మనుష్యులు స్థిరపడి పంట పండించనిదే రైలుకు రాబడి లేదు. ఆ నేలపై నిలువగలవారు నల్లజాతి రైతులే అని కంపెనీవారి లెక్క. లెక్క వారి లాభంకొరకే అయినను ఐజయా అందులో తనవారి లాభాన్ని చూచినాడు. ఆయనా బెంజమిన్ గ్రీనూ మొదట 840 ఎకరాలకు బేరం కుదుర్చుకొన్నారు.

వచ్చి చేరినవారిలో డేవిస్ బెండ్‌నాటి బంధుమిత్రులు కొందరు. వారు మానులు కొట్టి కలప అమ్మి, ఆ సొమ్ముతో భూమి వాయిదాలు చెల్లించుకొన్నారు. మొద్దుల నడుమనే మొదటి ప్రత్తి నాటినారు. బడులు, చర్చిలు, కలపమిల్లులు, ప్రత్తిమరలు వెలసినవి. 1898లో మౌండ్ బేయూ చట్టరీత్యా గ్రామప్రతిపత్తి పొందినది. ఐజయా మొదటి మేయరు. గ్రీన్ మాత్రం ఆ దినాన్ని చూడలేదు. 1896లోనే హత్యకు గురియైనాడు.

ఇంతవరకు కథ వినుటకు ఇంపుగా ఉన్నది. ఇక వినుటకు కష్టమైన భాగం. 1890లో మిసిసిపీ రాష్ట్రానికి క్రొత్త రాజ్యాంగం వ్రాయుటకు సభ కూడినది. 134 మంది ప్రతినిధులలో నల్లవాడు ఐజయా ఒక్కడే. ఆ రాష్ట్రపు జనంలో సగానికి మించినవారు నల్లవారు. ఓటు హక్కుకు తలపన్నునూ అక్షరజ్ఞానాన్నీ షరతులుగా పెట్టి వారిని ఓటుకు దూరం చేయుటయే సభ ఉద్దేశం. ఐజయా ఆ ప్రతిపాదనను సమర్థిస్తూ ప్రసంగించినాడు. హింసా మోసాలతో నిండిన ఎన్నికలు శాంతిస్తాయనీ, తనవారు చదువుకొని ఆస్తి సంపాదించి ఆ హక్కును తిరిగి గెలుచుకొంటారనీ ఆయన ఆశ. ఫ్రెడరిక్ డగ్లస్ వంటి నాయకులు ఆయనను తీవ్రంగా ఖండించినారు. 1892లో ఆ రాష్ట్రమంతటా నమోదైన నల్లజాతి ఓటర్లు తొమ్మిది వేలకు మించలేదు. 1898లో, మౌండ్ బేయూ గ్రామమైన ఆ సంవత్సరమే, అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లునని తీర్పు ఇచ్చినది.

తన ఊరిని కాపాడుకొనుటకే ఆయన ఆ బేరం చేసినాడని కొందరంటారు. చిన్ననాటినుండి దొర దయతో పని సాధించిన అలవాటే ఆయనను అటు నడిపించినదని మరికొందరంటారు. రెండు మాటలలోను కొంత నిజమున్నదని మాకు తోచుచున్నది. అయితే ఇచ్చినది ఆయన ఒక్కని సొత్తు కాదు. దాని వెల మిసిసిపీలోని లక్షలాది జనం మూడు తరాలు చెల్లించినారు. 1965లో ఓటుహక్కు చట్టం వచ్చిన తరువాతనే ఆ తలుపు తిరిగి తెరుచుకొన్నది.

ఊరి కథకు వత్తాము. 1904లో చార్లెస్ బ్యాంక్స్ ప్రభృతుల కృషితో మౌండ్ బేయూలో సొంత బ్యాంకు వెలసినది. 1907లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ రైలులో పోతూ అచ్చట ఆగి ప్రజలతో మాట్లాడినాడు. 1912లో ప్రత్తిగింజల నూనెమిల్లును బుకర్ వాషింగ్టన్ ప్రారంభించినాడు. 1914లో బ్యాంకు మూతపడినది. 1920లో ప్రత్తిధర కూలినది. రైతులు అనేకులు మళ్లీ కౌలుదార్లయినారు. ఐజయా 1924లో మరణించినాడు. అదే సంవత్సరం ఆయన కుమార్తె మేరీ మాంట్‌గొమరీ బూజ్ రిపబ్లికన్ పార్టీ జాతీయ సంఘంలో సభ్యురాలైనది. ఓటు దాదాపు లేని జాతినుండి ఒక స్త్రీ జాతీయ పక్షపు సభలో కూర్చున్నది.

ఆ ఊరు అంతటితో నిద్రపోలేదు. 1942లో అచ్చట టాబోరియన్ ఆసుపత్రి తెరువబడినది. నల్లజాతి రోగి ముందు ద్వారాన లోనికి పోగలిగినది ఆ ప్రాంతంలో అపురూపం. 1950వ దశకంలో డాక్టరు హోవర్డ్ ఇచ్చటినుండియే ఓటుహక్కుకై వేలాదిమందిని సమావేశపరచినాడు. అమరుడైన మెడ్గర్ ఎవర్స్ ఇచ్చటనే బీమా ఉద్యోగిగా పనిచేస్తూ ప్రజాసేవ ఆరంభించినాడు. స్థాపకుడు వదలుకొన్న హక్కుకొరకు ఆయన స్థాపించిన ఊరే పోరాడినది. తనవారు నిర్భయంగా గుమిగూడుటకు ఒక చోటు ఆయన ఏర్పరచకపోతే ఆ పోరాటానికి ఆ నేలపై కాలు నిలిచేది కాదేమో.

వంశచరిత్ర వ్రాసేవారు సాధారణంగా పూర్వుల ఘనతను ఏరి, తక్కినది పెట్టెలో పెడతారు. మాంట్‌గొమరీల చరిత్రలో పద్దుపుస్తకాలు, దావా కాగితాలు, సభలో చేసిన ప్రసంగం అన్నీ నిలిచి ఉండబట్టియే మనం వారిని మనుష్యులుగా చూడగలుగుచున్నాము. మన ఇండ్లలోను దస్తావేజులు, పాత ఉత్తరాలు, వృద్ధుల నోటిమాటలు ఉన్నవి. ఎవరు ఎచ్చటినుండి వచ్చి ఏ భూమి దున్నినారో, ఎవరి అప్పు తీర్చలేక ఏ చెక్క వదలుకొన్నారో, ఎవరి చాకిరిపై ఎవరు బ్రతికినారో తెలిసిన పెద్దలు ఇంకను కొందరు ఉన్నారు. వారిని అడిగి వ్రాసి ఉంచుట మంచిది. అడిగినప్పుడు, చెప్పుటకు ఇష్టపడని భాగాన్ని కూడ ఓపికతో అడుగవలెను.