పక్షవాతం తరువాత ఆసుపత్రిలో పునరావాస చికిత్స

మెదడులో రక్తనాళం పూడుకుపోవడం వల్లనో చిట్లడం వల్లనో వచ్చే పక్షవాతంలో చనిపోయిన కణాలు తిరిగి పుట్టకపోయినా, మిగిలిన కణాలు సాధనతో కొత్త సంబంధాలు ఏర్పరచుకుని పోయిన పనిని కొంతవరకు అందుకుంటాయి. ఆసుపత్రిలో ఇచ్చే పునరావాస చికిత్సకు ఈ గుణమే ఆధారం. అందువల్ల కృష్ణా డెల్టాలోని దివిసీమ పల్లె నుంచి విజయవాడ ఆసుపత్రికి చేరిన రోగి చేత ఉత్త కదలికలకన్న అన్నం కలిపి ముద్ద చేయడం, గ్లాసు పట్టుకోవడం వంటి నిత్యకృత్యాలనే పదేపదే చేయించడం మేలు. అయితే తొందర తగదు: తొలి 24 గంటల్లోనే రోగిని తరచుగా, ఎక్కువసేపు లేపి నడిపిస్తే కోలుకునే అవకాశం తగ్గుతుందని 2015లో వెలువడిన అవెర్ట్ పరిశోధన చూపింది. మింగే శక్తిని పరీక్షించకముందే ఆప్యాయంగా మజ్జిగో కొబ్బరినీళ్లో పట్టడం మరీ ప్రమాదం, ఎందుకంటే అవి ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియాకు దారితీయవచ్చు.

కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటివద్ద సాధన చేయించినా ఆరు నెలలకు మరణాలు గాని, పరాధీనత గాని తగ్గలేదని, భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై జరిగి 2017లో వెలువడిన అటెండ్ పరిశోధన తేల్చింది. ఇంటివారి ప్రేమ ఎంత అవసరమైనా నిపుణుల స్థానాన్ని అది భర్తీ చేయలేదు కనుక, విజయవాడ కేంద్రంగా 1986లో ఏర్పడిన ఆరోగ్య విశ్వవిద్యాలయం పట్టాలిచ్చే ఫిజియోథెరపిస్టుల సేవ డెల్టాలోని చిన్న పట్టణాల ఆసుపత్రులకూ అందాలి.