రిగార్డ్ చివర ఎస్ వద్దు

కాలువ శివారు పొలానికి నీరందడం లేదని ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసుకు ఇంగ్లీషులో అర్జీ రాస్తున్నారా? చేయి తడబడేది 'ఫలానా విషయమై' అనే దగ్గరే. 'విత్ రిగార్డ్ టు' అని రాయండి. రిగార్డ్ చివర ఎస్ ఉండదు. ఎస్ చేరితే అవి ఉత్తరం అడుగున, సంతకం పైన చెప్పే నమస్కారాలు. 'యాజ్ రిగార్డ్స్'లో మాత్రం ఎస్ ఉండాల్సిందే, అక్కడది క్రియ. 'రిగార్డింగ్' వాడితే పక్కన 'టు' అక్కర్లేదు. అర్జీకి అదే హాయి అంటాను.

ఇక 'డిస్కస్ అబౌట్'. నీటి గురించి చర్చించాం అంటాం కదా, ఆ 'గురించి'ని ఇంగ్లీషులోకీ మోసుకెళ్తాం. డిస్కస్‌లోనే అది ఇమిడి ఉంది. 'వుయ్ డిస్కస్డ్ ది వాటర్ ప్రాబ్లమ్' అంటే చాలు. అలాగే 'రిలేటెడ్ విత్' కాదు, 'రిలేటెడ్ టు'. కనెక్టెడ్ పక్కన 'టు' అయినా 'విత్' అయినా చెల్లుతుంది.