రహీం మాస్టరుగారు: ఒక కళాశాల ఆటగాని తదుపరి జీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



వేసవిలో చెరువు నీరింకి నేల గట్టిపడగనే చిత్తూరు సీమలో ఏ ఊరనైనను పిల్లలు అచ్చట చేరుదురు. ఈ కొసన రెండు రాళ్లు, ఆ కొసన రెండు చెప్పుల జతలు నిలిపినచో గోలు సిద్ధము. ప్రొద్దు గ్రుంకువరకు ఆట సాగును. ఇల్లు చేరినంతనే వారికి ఒకటే ప్రశ్న ఎదురగును: "ఈ బంతి నీకు కూడు పెట్టునా?" ప్రశ్న కఠినమైనదే గాని అన్యాయమైనది కాదు. వానను నమ్మి వేరుసెనగ విత్తువారు, సంతలో బెల్లము ధర పలికిన దానినిబట్టి ఏడాది గడుపువారు, కొడుకు భవిష్యత్తును గూర్చి వెరచుట సహజమే.

ఆ ప్రశ్నకు నీతివాక్యములతో బదులు చెప్పుటకంటె జీవితములతో చెప్పుట మేలు. కళాశాలలో ఫుట్‌బాలు ఆడినవారు తరువాత ఏ వృత్తి నవలంబించిరి, వారి ఆటకును ఇంటికిని గల సంబంధ మెట్టిది, అనునదే నేటి విషయము. ఇందు ముఖ్యముగా చెప్పవలసినది హైదరాబాదు నగరమున బడిపంతులుగా జీవించిన సయ్యద్ అబ్దుల్ రహీం గారిని గూర్చి.

రహీం గారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు అచ్చటి జట్టులో ఆడిరి. 1920వ దశకము చివరను, 1930వ దశకము తొలి యేండ్లలోను, ఆ నగరపు ఫుట్‌బాలులో విశ్వవిద్యాలయ కళాశాల జట్టుదే పైచేయి. చదువు ముగిసిన పిమ్మట సామాన్యముగా ఆటగాండ్రు చెల్లాచెదురగుదురు. ఒకడు కచ్చేరికి, ఒకడు వ్యాపారమునకు, ఒకడు పొరుగూరికి. ఉస్మానియావారు అట్లు చెదరిపోలేదు. పూర్వవిద్యార్థులును, అప్పుడు చదువుచున్న విద్యార్థులును కలిసి 'ఎలెవెన్ హంటర్స్' అను పేర ఒక జట్టును నడిపిరి. రహీం గారు అందు ఆడినవారే. అన్నలు తమ్ములకు ఆట నేర్పుటయు, పట్టము పుచ్చుకొని వెళ్లినవాడు సాయంకాలము మరల మైదానమునకు వచ్చుటయు, అట్టి జట్టు వలననే సాధ్యమయ్యెను. మన జిల్లాలోని కళాశాలలనుండి ఏటేట ఎందరో ఆటగాండ్రు బయటికి వచ్చుచున్నారు. వారెవ్వరైన ఇట్టి ఏర్పాటు చేసికొన్నచో ఎంత బాగుండును!

బి.ఏ. పట్టము పొందిన తరువాత రహీం గారు ఉపాధ్యాయవృత్తిని చేపట్టిరి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల, ఇవి వారు పనిచేసిన బడులు. నడుమ వ్యాయామవిద్యలో డిప్లొమా సంపాదించి, కడపటి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యత వహించిరి. పగలు పాఠము, సాయంకాలము మైదానము. ఖమర్ క్లబ్బు తరఫున తామును ఆడుచుండిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై తుదివరకు ఆ పదవిలో నుండిరి.

వారు ఆట నేర్పిన తీరు చూచినచో బడిపంతులు చేయి స్పష్టముగ కనబడును. పిల్లవానికి ఏ లెక్క రాదో ఆ లెక్కనే మరల మరల చేయించుట పంతుళ్ల పద్ధతి గదా! కుడికాలితో మాత్రమే బంతి తన్ను అలవాటు గలవారికై వారు ఎడమకాలి పోటీలు పెట్టిరి. బంతి దొరకినంతనే తానొక్కడే దానిని తీసికొని పరుగెత్తి పదిమందిని తప్పించుకొనవలెనను మోజు గలవారికై, ఆ తప్పించుట నిషేధించిన పోటీలు పెట్టిరి. అందు బంతి కాలికి తగిలిన వెంటనే తోటివానికి అందింపవలసినదే. గొప్పవాడనిపించుకొనుటకు ఆ పోటీలో చోటు లేదు. తోడివాడెక్కడ నిలిచినాడో ముందుగా చూచుకొన్నవానికే చోటు. మన చెరువులో ఆడు పిల్లలకు ఈ యొక్క నిబంధన పెట్టి చూడుడు, పది దినములలో ఆట మారిపోవును. దీనికి ఖర్చేమియు లేదు.

1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు వారు శిక్షకులైరి. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలుచుకొనెను. 1950లోనే ఢిల్లీలో మోహన్ బగాన్ జట్టు నోడించి డ్యూరాండ్ కప్పును తెచ్చెను. ఆనాడు బంతి తన్నినందులకు జీతమిచ్చు క్లబ్బులు దక్షిణదేశమున లేవు. ఆట వలన కొలువు, కొలువు వలన కుటుంబము. పోలీసు, సైన్యము, రైల్వే, ఈ మూడింటి నీడనే భారతదేశపు ఆటగాండ్రు పెక్కుమంది సంసారములు నడిపిరి. "బంతి కూడు పెట్టునా?" అను ప్రశ్నకు అప్పటి జవాబు ఇది: బంతి నేరుగా పెట్టలేదు, ఉద్యోగము చేతికందించి పెట్టెను.

భారత జట్టు శిక్షణ కూడ వారికే అప్పగింపబడెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాను నొక గోలుతో జయించి స్వర్ణపతకము గెలిచిరి. మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియాపై 1-10 తేడాతో ఘోరముగ నోడిరి. చలిదేశమున మనవారిలో అనేకులు ఉత్తకాళ్లతో ఆడిరి. ఆ పరాభవము తరువాతనే బూట్లు తప్పనిసరి అయ్యెను. 1956లో మెల్బోర్నునందు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాల్గవ స్థానము పొందిరి. ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము చేరిన అత్యున్నత స్థానము నేటికిని అదే. తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ మున్నగు పలువురు హైదరాబాదువారు ఆ జట్టులో నుండిరి.

సభాసదులారా! విజయముల పట్టిక ఎవరైనను చదువవచ్చును. ఇక్కడ నిలిచి ఆలోచింపవలసినది వేరొకటి కలదు.

రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం గారు 1939లో జన్మించి, తండ్రివలెనే ఆటగాడైరి. భారత వాయుసేనలో పనిచేసిరి. 1960లో సంతోష్ ట్రోఫీ గెలిచిన సర్వీసెస్ జట్టులో వారుండిరి. అదే యేడు రోం ఒలింపిక్సునకు వెళ్లిన భారత బృందములో వారికి చోటు లభించెను. శిక్షకుడు తండ్రి, బృందములో కొడుకు. మన యూళ్లలో ఇట్టి సందర్భము వచ్చినచో జనులేమందురో వేరుగ చెప్పనక్కరలేదు. పంచాయతీలో పని దొరకినను, సహకార సంఘములో గుమాస్తాగిరి దొరకినను, "అయ్య అక్కడ ఉన్నాడు, అబ్బికి రాకేమి?" అను మాట రచ్చబండపై పుట్టి తీరును.

రోములో భారతదేశము మూడు పోటీలాడెను. హంగేరీతో 1-2, పెరూతో 1-3 ఓడి, ఫ్రాన్సుతో 1-1 సమానముగ ముగించెను. ఆ మూడింటిలో ఒక్కదానియందును హకీం గారు బరిలో దిగలేదు. రెండేండ్ల తరువాత 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును ఎన్నుకొన్నప్పుడు, కొద్దిలో తప్పి వారికి స్థానమే లభింపలేదు. ఆ జట్టు స్వర్ణపతకముతో తిరిగివచ్చెను.

తండ్రి ఆ జట్టునకు గురువు. కొడుకు మెడలో ఆ పతకము లేదు. దీనిని నిష్పక్షపాతమని పొగడుట సులభము. కాని ఆ కొడుకు వైపునుండి చూచినచో పొగడ్త అంత తేలికగా నోట రాదు. రహీం గారు పెట్టిన ఎడమకాలి పోటీవంటిదే ఇది కూడ: అలవాటైన కాలు వాడరాదు. ఇంటివాడను చనువు వారు మైదానములో వాడలేదు. దానికి వెల చెల్లించినవాడు కుమారుడు.

జకార్తా సంగతి కొంత వివరింపదగినది. మొదటి పోటీలో దక్షిణ కొరియాపై 0-2తో ఓడిరి. థాయిలాండుతో ఆడునపుడు జర్నైల్ సింగ్ గారి తలకు దెబ్బ తగిలి కుట్లు పడెను. వారు వెనుక నిలిచి గోలును కాచు ఆటగాడు. పై పోటీలలో రహీం గారు ఆ గాయపడిన మనిషిని ముందుకు దెచ్చి, గోలు కొట్టువాని స్థానమున నిలిపిరి. వినువారికి వింతగా తోచును. కాని దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన సెమీఫైనలులో వారొక గోలు చేసిరి. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలులో మొదట ఓడించిన కొరియావారే మరల ఎదురైరి. ప్రేక్షకులు మనకు ప్రతికూలురు. ఇజ్రాయేలు, తైవానులను ఆ క్రీడలకు రానీయకుండుటను గూర్చి భారతీయ ప్రతినిధి ఆక్షేపించినందున అచ్చట కోపము రగులుచుండెను. ఆ హోరునడుమ పి.కె. బెనర్జీ గారొక గోలు, జర్నైల్ సింగ్ గారొక గోలు చేసి 2-1తో గెలిపించిరి.

ఆ మరునాడు 1962 సెప్టెంబరు 5. దేశమున మొట్టమొదటి ఉపాధ్యాయ దినోత్సవము జరిగినది ఆనాడే. ఎవరి జన్మదినమున అది జరిగెనో ఆ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు బాల్యమున తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలో చదివినవారు; వారి పుట్టినచోటైన తిరుత్తణి 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. ఒక బడిపంతులు తీర్చిన జట్టు ముందురోజున ఆసియాను గెలిచినదని ఆ యుత్సవములలో ఎందరు తలచిరో గాని, పంచాంగము మాత్రము ఆ రెండు దినములను ప్రక్కప్రక్కనే ఉంచినది.

ఆ జట్టులోనివారి తరువాతి బ్రతుకులు కొంచెము చూతము. నాయకులైన చునీ గోస్వామి గారు కలకత్తా విశ్వవిద్యాలయమున ఫుట్‌బాలు, క్రికెట్టు రెండును ఆడినవారు. స్టేటు బ్యాంకులో ఉద్యోగము చేసిరి, 1971-72లో బెంగాలు క్రికెట్టు జట్టునకు నాయకులుగా రంజీ ట్రోఫీ ఫైనలు వరకు తెచ్చిరి. జర్నైల్ సింగ్ గారు దేశవిభజనలో స్వస్థలము విడిచి వచ్చినవారు. మాహిల్పూర్ ఖాల్సా కళాశాలలో ఆడి పైకి వచ్చి, పిమ్మట పంజాబు క్రీడాశాఖలో అధికారియైరి. వారి కుమారుడు జగ్‌మోహన్ సింగ్ కూడ ఫుట్‌బాలు ఆటగాడే. బెనర్జీ గారు ఈస్టర్న్ రైల్వేను విడువలేదు. వారి తమ్ముడు ప్రసూన్ గారును భారత జట్టులో ఆడి, తరువాత పార్లమెంటు సభ్యులైరి. బలరాం గారిని మాత్రము అనారోగ్యము ఇరువది యేడేండ్లకే ఆటనుండి తొలగించెను. వారు బెంగాలులోనే ఉండిపోయి 2023లో కన్నుమూసిరి.

వీరికి ముందుతరము వారొకరిని చెప్పక విడుచుట తగదు. 1948 లండన్ ఒలింపిక్సులో స్వతంత్ర భారతపు తొలి ఫుట్‌బాలు జట్టునకు నాయకత్వము వహించి, ప్రారంభోత్సవమున జాతీయ పతాకము పట్టి నడచిన తాలిమెరెన్ ఆవో గారు నాగా కొండలలోని చాంగ్కి గ్రామమువారు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కొడుకు వైద్యుడు కావలెనని ఆయన కోరిక. తండ్రి 1935లోనే గతించెను. కొడుకు కలకత్తాలో కార్మైకేల్ వైద్యకళాశాలలో చదువుచు, మోహన్ బగాన్ తరఫున ఆడుచు, ఆ రెండింటిని ఏండ్ల తరబడి ఈడ్చుకొని వచ్చిరి. ఫ్రాన్సుపై 1-2తో ఓడి లండన్ నుండి వచ్చిన రెండేండ్లకు, 1950లో, ఎం.బి.బి.ఎస్. పట్టము పొందిరి. అటుపిమ్మట పెద్దపట్టణము నాశింపక స్వస్థలమునకు మరలిరి. కోహిమాలో అసిస్టెంటు సివిల్ సర్జనుగా చేరి, నాగాలాండు ఏర్పడిన పిదప ఆరోగ్యశాఖకు డైరెక్టరై, 1978లో పదవీవిరమణ చేసిరి. చనిపోయిన తండ్రి మాట చెల్లించుటకు ఆటను మానుకొనలేదు, ఆటకొరకు మాట తప్పలేదు. ఇట్టివాడు ఏ యూరిలో పుట్టినను ఆ యూరికి అదృష్టమే.

తిరిగి రహీం గారి యింటికి వత్తము. జకార్తా విజయము పిమ్మట వారు ఎక్కువ కాలము బ్రదుకలేదు. క్యాన్సరు వ్యాధితో 1963 జూన్ 11వ తేదీన, ఏబదినాలుగేండ్లు నిండకుండగనే మరణించిరి. శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ప్రారంభము కాలేదు. ఆ తరువాత భారతదేశము ఆసియా క్రీడల ఫుట్‌బాలులో స్వర్ణపతకము మరల గెలువలేదు.

హకీం గారు ఆటను విడువలేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరైరి. అంతర్జాతీయ పోటీలకు రిఫరీగా నుండిరి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల భారత జట్టునకు పి.కె. బెనర్జీ గారి ప్రక్కన సహాయ శిక్షకులైరి. అనగా జకార్తాలో తండ్రి శిష్యుడై గోలు కొట్టినవాని ప్రక్కన, ఇరువదియేండ్ల తరువాత, ఆ తండ్రి కుమారుడు కూర్చుండెను. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారము వారికి లభించెను.

రహీం గారి జీవితము నాధారముగా 'మైదాన్' అను హిందీ చలనచిత్రము 2024లో విడుదలయ్యెను. దానిని చూచుటకు హకీం గారు లేరు. 2021 ఆగస్టు 22వ తేదీన గుల్బర్గాలో, ఎనుబదిరెండవ యేట, వారు దివంగతులైరి.