మన కళ్లూ లెక్కలో పడాలి



తెలంగాణలో తెలుగు కవులే లేరని ఎవరో రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు ఉత్త వాదంతో సరిపెట్టలేదు. 354 మంది కవుల పద్యాలు పోగుచేసి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేయించారు. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు ఆయనది. 1952లో వనపర్తి ఓటర్లు ఆయనను శాసనసభకు పంపారు. ఆయన పేరిట జరిగే సభలో, కంప్యూటరు వైద్యచిత్రాలను చదవడం గురించి మాట్లాడాలనిపించింది ఆ సంచిక వల్లే. లెక్కకెక్కనివాళ్లు లేనట్టే అవుతారన్న సంగతి ఈ కంప్యూటరు చదువు చరిత్రలోనూ ఉంది.

కంటి వెనక పొరను తీసిన ఫోటో చూస్తే నారింజరంగు గుండ్రంలో ఒక పక్కన లేత పసుపు బిళ్ల కనిపిస్తుంది. కంటినరం మెదడుకు బయలుదేరేది అక్కడినుంచే. బిళ్ల నడుమ ఇంకాస్త తెల్లటి గుంట. నీటికాసుల జబ్బులో నరంపోగులు చచ్చేకొద్దీ ఆ గుంట వెడల్పవుతుంది. బిళ్ల అంచేది, గుంట అంచేది అని చిత్రంలోని ప్రతి చుక్కనూ తేల్చడమే సెగ్మెంటేషన్. వెలుగునీడల తేడాతో బొమ్మను రెండుగా విడదీసే పద్ధతిని 1979లోనే జపాన్‌కు చెందిన ఒట్సు చెప్పారు. కంటి దగ్గర అది చాలదు. అంచు మీదుగానే రక్తనాళాలు పోతాయి, గుంట గోడేమో మెల్లగా వాలుతుంది.

మరి అంచు చెప్పవలసింది ఎవరు? డాక్టరే. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం 2014లో మదురై అరవింద్ ఆసుపత్రి చిత్రాలు 101 తీసుకుని దృష్టి-జీఎస్ అనే సేకరణ విడుదల చేసింది. వాటి మీద నలుగురు డాక్టర్లు ఎవరికి వారుగా గీతలు గీశారు. ఒకరిది 3 ఏళ్ల అనుభవం, ఒకరిది 20 ఏళ్లు. నాలుగు గీతలూ ఒక్కచోట పడవు. ఆ తేడాను చెరిపేయకుండా అందరి ముందూ పెట్టారు, అందుకే ఆ పనంటే నాకు గౌరవం. మరుసటి ఏడాది జర్మనీ నుంచి యూ-నెట్ అనే పద్ధతి వచ్చాక, కొద్దిపాటి చిత్రాలతోనే యంత్రం గీతలు నేర్చుకోవడం తేలికైంది.

ఎవరి చిత్రాలతో నేర్చుకుందన్నదే అసలు ప్రశ్న. 2019లో ఆ ట్రిపుల్ ఐటీ వారే 100 మంది భారతీయుల స్కాన్లతో మెదడు అట్లాస్, అంటే సగటు మెదడు పటం, తయారుచేశారు. పాశ్చాత్యుల కొలతతో పోలిస్తే మన మెదడు సగటున చిన్నదని తేలింది. అంతవరకూ మనవాళ్ల స్కాన్లను ఎక్కువగా పరాయి కొలబద్దతోనే చూశారు. చిత్రం తేటగా లేకపోయినా ఇబ్బందే: థాయిలాండ్ క్లినిక్కుల్లో కంటి ఫోటోలు చదివే గూగుల్ ప్రోగ్రాము దాదాపు ఐదింట ఒక చిత్రాన్ని బాగాలేదని తిప్పికొట్టింది.

ఇక పాలమూరు సంగతి. 1996–2000 మధ్య ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 10,293 మంది కళ్లు పరీక్షించిన సర్వేలో మన పాత మహబూబ్‌నగర్ జిల్లా కూడా ఉంది. చూపు పోవడానికి శుక్లాలే అన్నిటికన్నా పెద్ద కారణమని తేలింది. శుక్లం ముదిరిన కంట్లో ఫోటో మసకగానే వస్తుంది. తేటైన చిత్రాలతోనే చదువుకున్న యంత్రం దాన్ని పక్కకు నెడితే, నష్టపోయేది వలసకూలి చేసి ఊరికి తిరిగొచ్చిన మన ముసలివాళ్లే.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో, తర్వాత గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. నా కోరిక ఒక్కటే. ఈ మూడు చోట్లా మసక చిత్రాలను పారేయకండి. పేర్లు తీసేసి, రోగికి తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకుంటేనే దాచండి. ఒక్కో దాని మీద కనీసం ఇద్దరు డాక్టర్ల చేత గీతలు గీయించండి.