కుక్క ఎవరిది? నష్టం ఎవరిది?



డోంగ్లి ప్రాంతపు నల్లరేగడి చేలలో పంట కోతలు అయ్యాక జీవాల మందలు దిగుతవి. మందతో కాపరి కుక్కలు వస్తవి. చేను దగ్గర మన కాపలా కుక్క ఉండనే ఉంటుంది. ఒకనాడు రెండు గొర్రెపిల్లలు చస్తే, “నీ కుక్కే చంపింది” అని ఒకరు, “నా చేలోకి మందను ఎవరు తోలమన్నారు” అని ఇంకొకరు. ఇట్లాంటి తగవులో ఎవరి బాధ్యత ఎంతో ఈ రోజు చూద్దాం.

పశువు చేలో పడితే బందెలదొడ్డి అనే పద్ధతి మనకు పాతదే. 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో బర్రె, మేక మొదలు ఏనుగు, ఒంటె దాకా పేర్లు వ్రాశారు గాని, కుక్క పేరు లేదు. అట్లని కుక్క చేసిన నష్టానికి అడిగేవారు లేరనుకోరాదు. జీవాలు చస్తే నష్టపరిహారం కోసం సివిలు దావా వేయవచ్చు. మనిషికి అపాయం కలిగే అవకాశం ఉండి కూడా, తన అధీనంలోని జంతువు విషయంలో తగిన జాగ్రత్త పడనివారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ సంహిత 2024 జూలై 1 నుండి అమలులో ఉన్నది.

ఊర్లో పెద్దలు కూర్చుంటే మూడు సంగతులు విచారించాలి. మొదటిది, ఆ కుక్క ఎవరి కాపలాలో ఉన్నది? రాత్రి చేనుకు కాపలా పెట్టుకొని, తెల్లవారి “అది ఊరకుక్క” అంటే చెల్లదు. రెండవది, దానికి ఆ గుణమున్నదని యజమానికి ముందే తెలుసునా? ఒకసారి కరచిందని చెప్పినా కట్టివేయలేదంటే బాధ్యత బరువవుతుంది. మూడవది, మంద ఎవరి అనుమతితో ఆ చేలోకి వచ్చింది? తప్పు రెండు వైపులా ఉంటే నష్టమూ పంచుకోవలసిందే. చచ్చిన జీవాన్ని పూడ్చకముందే పశువైద్యునికి చూపి, ఫోటో తీసి పెట్టండి. నక్క పని కుక్క నెత్తిన పడగూడదు గదా! రాజీ కుదరకుంటే లోక్ అదాలత్ ఉన్నది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

కోపంతో మాంసంలో చేనుమందు కలిపి పెట్టేవారున్నారు. ఇది చాలా చెడ్డ పని. ఆ ముద్దను ఏ కుక్క తింటుందో, ఏ పిల్లవాడు ముట్టుకుంటాడో ఎవరికి తెలుసు? జంతువుకు విషం పెట్టి చంపితే 325వ సెక్షను కింద 5 ఏండ్ల వరకు జైలు పడవచ్చు. నష్టపోయినవాడు ఈ పని చేస్తే తానే ముద్దాయి అవుతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి. కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని సామెత. కాని మనిషిని కరిస్తే ముందు కావలసింది సబ్బు, నీళ్లు. గాయాన్ని 15 నిమిషాలు ధారగా కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. వెంటనే దవాఖానకు పోయి సూదులు మొదలుపెట్టాలి. డాక్టరు చెప్పిన తేదీలు తప్పరాదు. పిచ్చి లక్షణాలు బయటపడిన తరువాత ప్రాణం నిలపడం దాదాపు అసాధ్యం. పంచాయితీ రేపు చేసుకోవచ్చు, సూది రేపటికి ఆగదు.

కరచిన కుక్కను అక్కడికక్కడే కొట్టి చంపవద్దు. జాగ్రత్తగా కట్టి 10 రోజులు గమనించితే దాని స్థితి తెలుస్తుంది. గమనిస్తున్నామని సూదులు మాత్రం ఆపవద్దు. ఆవునో బర్రెనో కరిస్తే గాయం అదే విధంగా కడిగి, చేతులకు తొడుగులు వేసుకొని, పశువుల దవాఖానకు తోలుకపోండి. పశువుకు కూడా కాటు తరువాత వేసే సూదులున్నవి. పిచ్చి లక్షణాలు కనిపిస్తే నోట్లో చెయ్యి పెట్టరాదు, దాని పాలు వాడరాదు.

కుక్కను పెంచేవారు మూడు నెలల వయసులో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, ఏటేటా మళ్లీ వేయించాలి. ఆ కాగితం దాచుకోండి. రేపు తగవు వస్తే, తగిన జాగ్రత్త పడ్డామని చూపడానికి అదొక సాక్ష్యం. మంద వచ్చే రోజుల్లో కుక్కను గొలుసుతో కట్టండి. కాపరి కూడా మందను దించే ముందు చేను గలవానితో ఒక మాట చెప్పాలి. ముందు చెప్పిన ఆ ఒక్క మాటతో తగవులు చాలా వరకు తప్పుతవి.