మన చేను మీద ఎగిరేది ఎవరిది?

(గత నెల మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డ్రోన్ల గురించి మాట్లాడమని మన కార్యదర్శి గారు అడిగితే మొదట వద్దన్నాను. పదో తరగతి వరకు చదివినవాణ్ణి, నాకేం తెలుసు అన్నాను. ఆయన నవ్వి, "నీ పత్తి చేను సంగతి చెప్పు చాలు" అన్నారు. అక్కడినుంచే మొదలుపెడతాను.

రెండేళ్ల కిందట సెప్టెంబరు మొదట్లో నా చేను పక్కన, కాలవ కింద వరిలో కలుపు మందు కొట్టించారు. మందు 2,4-డి. కొట్టింది అద్దెకు వచ్చిన డ్రోను. ఎకరం పది నిమిషాల్లో అయిపోయింది. ఊళ్లో సగం మంది గట్టు మీద నిలబడి చూశాం. నేను ఫోనులో వీడియో కూడా తీశాను. పడమటి గాలి వీస్తోందని, అది నా చేను వైపే వస్తోందని అప్పుడు నాకు తట్టలేదు. వారం తిరక్కుండా పత్తి చిగుళ్లు ముడుచుకున్నాయి. కొత్త ఆకులు సన్నగా చీలి బెండాకులా వచ్చాయి. గూడ రాలింది. ఇది వైరస్ అనుకుని షాపువాడు చెప్పిన మందులు రెండుసార్లు కొట్టాను. ఆ ఖర్చు వేరే. చివరికి వ్యవసాయాధికారి వచ్చి చూసి, ఇది కలుపు మందు గాలికి కొట్టుకొచ్చిన దెబ్బ అని చెప్పారు. ఎకరన్నర పోయింది.

నష్టం ఎవరిస్తారు? డ్రోన్ నడిపిన కుర్రాణ్ణి అడిగితే "మందు పోసింది రైతు, నేను ఎగరేశానంతే" అన్నాడు. డ్రోను యజమాని పట్నంలో ఉంటాడు, రెండుసార్లు ఫోనెత్తాడు, మూడోసారి ఎత్తలేదు. వరి రైతు నాకు వరసకు తమ్ముడు. వాడితో ఇప్పటికీ మాటలు అంతంతమాత్రమే. ఆ వీడియో మాత్రం ఇంకా నా ఫోనులో ఉంది.

ఇలా ఎందుకు జరిగిందో తర్వాత తెలుసుకున్నాను. తైవాన్ పంపుతో ఎకరానికి నూరు లీటర్ల పైన నీళ్లు పోస్తాం. డ్రోన్‌ డబ్బాలో పట్టేదే పది లీటర్లు, ఎకరానికి అంతే సరిపెడతారు. మందు మోతాదు మాత్రం అదే. అంటే పడే ప్రతి చుక్కా పది రెట్లు ఘాటు. చుక్క సన్నం, పడేది మనిషి ఎత్తు పైనుంచి, గాలి ఉంటే పక్క చేలోకి పోతుంది. పత్తికి 2,4-డి అంటే విషం. అనంతపురం, చిత్తూరు వైపు పట్టుపురుగులు పెంచేవాళ్లనడగండి, మల్బరీ తోట మీదికి పురుగుమందు వాసన వచ్చినా వాళ్లకు భయమే. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ డ్రోన్‌తో మందు కొట్టడానికి పద్ధతులు రాసి ఇచ్చింది. గాలి వేగం, ఎగిరే ఎత్తు, పక్క పంటకు వదలాల్సిన దూరం అన్నీ అందులో ఉన్నాయి. మన మండలంలో ఆ కాగితం చూసినవాళ్లు చెయ్యెత్తండి. సరే, ఎవరూ లేరు.

అలాగని డ్రోన్ వద్దని నేను అనను. 2017లో మహారాష్ట్ర యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ, ఆ గాలి పీల్చి ఇరవై మందికి పైగా చనిపోయారు. రైతులు, కూలీలు. మన ఊళ్లలో మందు కొట్టి వచ్చి వాంతులు చేసుకున్నవాళ్లు ఈ పందిట్లోనే ఉన్నారు. వీపు మీద పంపు మోసిన భుజం నాకూ ఉంది. మిర్చిలో ఆ ఎండలో తిరగకుండా పని జరిగితే ఎవరికి చేదు? జపాన్‌లో ఎనభైల చివరినుంచే మనిషి లేని చిన్న హెలికాప్టర్లతో వరికి మందు కొడుతున్నారు. 2020లో రాజస్థాన్ మీద మిడతలు పడ్డప్పుడు మన సర్కారే డ్రోన్లు దింపింది. యంత్రం పని చేస్తుంది. దాన్ని ఎవరు నడిపిస్తున్నారు, ఎవరి కోసం అన్నదే తేలాలి.

మిగతా వ్యాపారాల్లో దీన్ని ఎలా వాడుతున్నారో కాస్త చూడండి, మనకు పాఠం దొరుకుతుంది. జాతీయ రహదారి పనులకు నెలనెలా డ్రోన్ వీడియో తీయాలని 2021లో నియమం పెట్టారు. కాంట్రాక్టరు చెప్పింది నమ్మకుండా పని ఎంతయిందో పైనుంచి చూడడానికి. కరెంటు లైన్లకు స్తంభం ఎక్కకుండానే లోపం పట్టుకుంటున్నారు. తెలంగాణలో వికారాబాద్ దగ్గర 2021లో మందులు, టీకాలు డ్రోన్‌లో పంపి చూశారు. ఆఫ్రికాలో రువాండా దేశం 2016 నుంచే ఆసుపత్రులకు రక్తం పంపిస్తోంది.

మనకు దగ్గరిది సున్నపురాయి గనుల సంగతి. 2021 నవంబరులో గనుల నియమాలు మార్చారు. యాభై హెక్టార్లు, ఆ పైన లీజు ఉన్నా, ఏడాదికి పది లక్షల టన్నులు, ఆ పైన తవ్వినా, ఆ కంపెనీ ఏటా డ్రోన్ సర్వే చేయించి ఆ చిత్రాలు భారత గనుల బ్యూరోకు ఇవ్వాలి. మన జగ్గయ్యపేట ప్రాంతంలో క్వారీ పక్కన పొలాలున్నవాళ్లు ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నాం, హద్దు దాటి తవ్వుతున్నారని, దుమ్ము పడుతోందని. హద్దు దాటారో లేదో ఆ చిత్రాల్లో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. ఇస్తారో ఇవ్వరో అడిగాక చూద్దాం.

భూముల రీసర్వే మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2020 డిసెంబరు 21న మన తక్కెళ్లపాడులోనే మొదలుపెట్టారు. డ్రోన్ గట్టును చూస్తుంది. ఆ గట్టు అన్నదమ్ములు మాట అనుకుని వేసుకున్నదా, పక్కవాడు జరిపిందా అన్నది దానికి కనబడదు. విస్తీర్ణం నాలుగు సెంట్లు తగ్గిందని, పేరు మారిందని ఆఫీసుల చుట్టూ ఎంతమంది తిరిగారో మనకు తెలుసు. దానితోపాటు తెచ్చిన భూహక్కు చట్టాన్ని 2024లో రద్దు చేశారు, మంచిదే. కానీ రికార్డులో తప్పు పడ్డవాడి తిరుగుడు చట్టంతోపాటు రద్దు కాలేదు.

పంటల బీమాలో కూడా దిగుబడి అంచనాకు వంద జిల్లాల్లో డ్రోన్ చిత్రాలు తీయడానికి 2021లో అనుమతి ఇచ్చారు. పంట కోత ప్రయోగం మన కళ్ల ముందు జరుగుతుంది. తూకం మనం చూస్తాం, తేడా వస్తే పోట్లాడతాం. ఫొటోతో ఎవరు పోట్లాడతారు? తీసిన ప్రతి చిత్రం, దానితో కట్టిన లెక్క ఊళ్లో రైతు సేవా కేంద్రంలో పెట్టాలని మనం గట్టిగా అడగాలి. కౌలు రైతు పేరు ఆ లెక్కలో ఉండాలని కూడా.

ఇక సొంతం చేసుకునే మాట. మహిళా సంఘాలకు నమో డ్రోన్ దీదీ పథకంలో ధరలో 80 శాతం, ఎనిమిది లక్షల దాకా సబ్సిడీ ఇస్తామన్నారు. చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు సగం, ఐదు లక్షల దాకా. వినడానికి బాగుంది. కానీ బ్యాటరీ పావుగంట కూడా రాదు, రోజంతా కొట్టాలంటే నాలుగైదు జతలు కావాలి, చార్జింగుకు జనరేటరు, తీసుకెళ్లడానికి బండి కావాలి. ఎకరానికి నాలుగు వందలు తీసుకుని రోజుకు ఇరవై ఎకరాలు కొట్టినా ఎనిమిది వేలు. మంచి లెక్కే. ఏడాదిలో అలాంటి రోజులు ఎన్నో మీరే చెప్పండి. రెక్క విరిగితే బాగుచేసేవాడు విజయవాడలో ఉంటాడు. అందుకే ఒక్కరు కొనడం కాదు, సొసైటీ పేరున కొనాలంటాను.

నడిపేవాళ్లు ఎవరు కావాలి? మన ఊళ్లలో తైవాన్ పంపు వీపున వేసుకుని ఊరందరి చేలకూ మందు కొట్టి బతికే కుర్రాళ్లున్నారు. సెంటు భూమి లేనివాళ్లే ఎక్కువ. డ్రోన్ వస్తే మొదట పోయేది వాళ్ల కూలి. పైలట్ సర్టిఫికెట్‌కు పదో తరగతి పాసై, పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. ఆ శిక్షణకు మొదటి పేర్లు వాళ్లవే ఉండాలి. ఫీజు సర్కారు కట్టాలి. వ్యవసాయ కార్మిక సంఘం మిత్రులతో కలిసి ఈ మాట కలెక్టరు గారి దగ్గర పెడదాం.

వెనక కూర్చున్న అక్క ఇందాక అడిగింది, "ఈ సీజను డ్రోన్ పిలిపించాలంటే ఏం చూసుకోవాలి?" అని. అక్కా, ముందు డ్రోన్ మీద గుర్తింపు నంబరు ఉందో లేదో చూడు, ఫొటో తీసుకో. 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌కు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలని 2021 డ్రోన్ రూల్స్ చెబుతున్నాయి, ఆ కాగితం అడుగు. నన్నడిగితే నా పత్తి రోజున ఆ కుర్రాడి దగ్గర అది లేదు. మందు పేరు, మోతాదు, తేదీ, టైము రాసి సంతకం పెట్టిన రశీదు తీసుకో. పక్క చేనువాళ్లకు ముందురోజే చెప్పు. గాలి ఆడుతుంటే వెనక్కి పంపెయ్యి, అద్దె పోయినా సరే. పత్తి పక్కన వరికి 2,4-డి మాత్రం డ్రోన్‌తో కొట్టించొద్దు.

రశీదు నమూనా సంఘం ఆఫీసులో ఉంచాం. వచ్చే నెల సమావేశానికి ఎవరెవరు డ్రోన్ కొట్టించారో వాళ్లు ఆ రశీదులు తీసుకురండి. ఎవరి చేనైనా దెబ్బతింటే ఆకులు ఎండిపోకముందే ఫొటోలు తీయండి, వ్యవసాయాధికారిని చేలోకి పిలవండి. నేను ఆలస్యం చేశాను.