వార్ధక్యమునందు గృహసౌఖ్యము

బిడ్డల పెండ్లిండ్లకు ధర్మవరము పోయి పట్టుచీరలు బేరమాడి తెచ్చెడు మన గోరంట్ల పెద్దలు, తమ సుఖమునకై ఒక్క వస్తువు కొనవలసి వచ్చినప్పుడు మాత్రము "ఈ వయస్సులో నాకెందుకులే" యని వెనుకాడుదురు. ఈ సంకోచము తగదు.

ముందుగా మంచము సంగతి. దిగజారిన నులకమంచము నుండి లేచుట మోకాళ్లకు శిక్ష. కూర్చున్నప్పుడు పాదములు రెండును నేలకు చక్కగా ఆనునంత ఎత్తు గలదియే యోగ్యము.

చేతికఱ్ఱ కొనునప్పుడు, నిత్యము తొడుగు చెప్పులతోనే నిటారుగా నిలిచి, చేయి వ్రేలవిడిచి చూడుడు: పిడి మణికట్టు మడతకు సరిపోవలెను. అడుగున రబ్బరు బిళ్ల యుండవలెను. అది అరిగినచో బిళ్లను మార్చిన చాలును, కఱ్ఱను పాఱవేయ నక్కఱలేదు. కుడికాలు నొచ్చువారు దానిని ఎడమచేత పట్టవలెను.

స్నానపుగదికి నునుపు బండలు అందమే గాని, తడికాలికి గరుకుబండలే రక్ష. గోడకు బిగించిన పట్టుకమ్మీ యొకటి, ముందుగదిలోని ఖరీదైన సోఫాకంటె ఎక్కువ మేలొనర్చును. పుష్యమాసపు చలికి గొఱ్ఱెబొచ్చు కంబళి నేటికిని నమ్మదగినదే.

60 ఏండ్లు నిండి, అవయవపాటవము తగ్గిన పేదలకు చేతికఱ్ఱలు, వాకర్లు, వినికిడి యంత్రములు, కళ్లజోళ్లు, కట్టుడుపళ్లు ఉచితముగా నొసగుటకై కేంద్రప్రభుత్వము 2017లో నెల్లూరునందు రాష్ట్రీయ వయోశ్రీ యోజనను ఆరంభించెను. కావున అర్హులు సొమ్ము వెచ్చించుటకు మున్ను ఆ విషయము విచారించుట మేలు.

కడపటి మాట: కుమారులు కొనియిచ్చినను, వాడువారే అంగడిలో కూర్చుండి, నిలుచుండి, పట్టి పరీక్షించిన పిమ్మటనే సొమ్ము చెల్లించి రసీదు అడిగి తీసికొనవలెను.